ఈస్టరుతో మొదలయ్యే నలభై రోజులు: ఈ ఆడియో ప్లాన్ విన్నాక

ఈస్టరుకు ముందు వినడానికి ధ్యానాలు కావలసినన్ని దొరుకుతాయి. శ్రమకాల దినాల మీద ప్రసంగాలు, సిలువలో పలికిన ఏడు మాటలు, గుడ్ ఫ్రైడే పాటలు, ఇలా ఒకటేమిటి. ఈస్టరు ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ ఆగిపోతాయి. ప్రభువు లేచాడని పొద్దున్నే చెప్పేసుకున్నాం కాబట్టి ఇక చెప్పడానికేమీ లేదన్నట్టు సోమవారం నుంచి మామూలు పనుల్లో పడిపోతాం. ఈ బైబిలు యాప్‌లోని నలభై రోజుల ఆడియో ప్లాన్ మాత్రం సరిగ్గా ఆ ఆదివారం నాడు మొదలవుతుంది, ఆరోహణ దినంతో ముగుస్తుంది. లేచిన యేసు నలభై దినాలు శిష్యులకు కనబడ్డాడని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో ఉంది కదా, ఆ లెక్కే వీళ్ళూ తీసుకున్నారు. ఆలోచన నాకు చాలా నచ్చింది. అమలు చేసిన తీరు మాత్రం అన్నిచోట్లా ఒకేలా లేదు. మొదటి రెండు వారాలు ఎవరికైనా చెప్పి మరీ వినిపిస్తాను. మూడో వారం వినొద్దని చెబుతాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను ఈ ప్లాన్‌లో వెతికింది నా పనికి సంబంధించినది. మా సంఘంలో ఎవరైనా ప్రభువు నందు నిద్రించినప్పుడు భూస్థాపన దగ్గర వాక్యం చదివే బాధ్యత నాది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం ఎక్కువగా చదువుతాను. నేను దాన్ని పండుగ పూట కంటే మట్టి తవ్వి పక్కన పోసిన చోట నిలబడి చదివిందే ఎక్కువ. ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తూ ఆ మాటలు పలకాలంటే అవి నిజమని నమ్మి పలకాలి. అందుకని పునరుత్థానం మీద ఏది విన్నా, ఏది చదివినా నాకు ఒకటే ప్రశ్న: ఈ మాట సమాధి దగ్గర నిలబడుతుందా?

రెండో సంగతి, ఇది నేను ఒక్కదాన్నే వినలేదు. మా అత్తయ్యకు కొన్నేళ్ళుగా చూపు లేదు. బైబిల్లో సగం ఆమెకు కంఠతా వచ్చు, అయినా ఎవరైనా చదివి వినిపిస్తే ఆమెకు తృప్తి. రాత్రి ప్రార్థనకు ముందు ఇద్దరం కూర్చుని విన్నాం. ఈ సమీక్షలో కొన్ని మంచి మాటలు ఆమెవే.

ప్రతి భాగం ఒకే పద్ధతిలో సాగుతుంది. ఒక స్త్రీ వాక్యభాగం చదువుతుంది. తర్వాత కాసేపు ఏ శబ్దమూ ఉండదు. ఆ తర్వాత ఒక పెద్దాయన వివరిస్తారు, చివర ఒక ప్రశ్న వేసి చిన్న ప్రార్థనతో ముగిస్తారు. చదివే ఆమె గొంతును మెచ్చుకోకుండా ఉండలేను. నాటకంలా చదవదు, వార్తల్లా కూడా చదవదు. మొదటి రోజు యోహాను సువార్త 20వ అధ్యాయం. ఇంకా చీకటిగా ఉండగానే మగ్దలేనే మరియ సమాధి దగ్గరికి వెళ్ళడం, రాయి తీసి ఉండడం చూసి పరుగెత్తడం, పేతురూ మరో శిష్యుడూ వచ్చి నారబట్టలు చూసి ఇంటికి వెళ్ళిపోవడం, ఆమె ఒక్కతీ ఏడుస్తూ అక్కడే ఉండిపోవడం. యేసు నిలబడి మాట్లాడుతున్నా ఆమె ఆయన్ని తోటమాలి అనుకుంటుంది. "నీవు ఆయనను మోసికొనిపోయిన యెడల" అని అడుగుతుంది. అప్పుడు ఆయన "మరియా" అంటాడు. చదివే ఆమె ఆ పేరు పిలవడానికి ముందు చిన్నగా ఆగింది. పేరును గట్టిగా పిలవలేదు, మామూలుగా ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"మళ్ళీ పెట్టమ్మా," అన్నారు అత్తయ్య. పెట్టాను. ఇంకోసారి పెట్టమన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "కళ్ళున్నా గుర్తుపట్టలేదు చూడు. పిలిస్తే గుర్తుపట్టింది," అన్నారు. ఆ రోజు వివరణ మేం వినలేదు, మర్నాడు విన్నాం.

రెండో రోజు మార్కు సువార్త. ఇక్కడ ప్లాన్ చేసినవాళ్ళ ధైర్యాన్ని ఒప్పుకోవాలి. మార్కు 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆపేశారు. స్త్రీలు వణుకుతూ సమాధి నుంచి పారిపోయారు, భయపడినందువల్ల ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతే, అక్కడితో చదవడం అయిపోయింది. ఎందుకు ఆపారో పెద్దాయన తర్వాత చెప్పారు. మన చేతిలో ఉన్న చాలా పాత రాతప్రతుల్లో రెండు, నాలుగో శతాబ్దానికి చెందిన సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి, ఇక్కడే ముగుస్తాయి. మన బైబిళ్ళలో ఆ తర్వాత ఉన్న వచనాలు వాటిలో లేవు. ఈ సంగతిని దాచకుండా, భయపెట్టకుండా చెప్పడం నాకు బాగా నచ్చింది. ఈస్టరు సాక్ష్యం కాళ్ళు వణుకుతున్న ముగ్గురు ఆడవాళ్ళతో మొదలైందని తెలిస్తే విశ్వాసం తగ్గదు. నాకైతే పెరిగింది. కథ అల్లేవాడు ఇలా అల్లడు.

లూకా సువార్త రోజున ఇదే మాట ఇంకా లోతుగా వెళుతుంది. మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లి మరియ, వాళ్ళతో ఉన్న మిగతా స్త్రీలు వచ్చి అపొస్తలులకు చెబితే, వాళ్ళ మాటలు వీళ్ళకు "వెఱ్ఱిమాటలుగా" కనబడ్డాయి. నమ్మలేదు. ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ స్త్రీల సాక్ష్యం చెల్లదని రాశాడు. ఆ సమాజంలో ఎవరి మాటకు న్యాయస్థానంలో విలువ లేదో వాళ్ళనే నాలుగు సువార్తలూ మొదటి సాక్షులుగా నిలబెట్టాయి. నలుగురినీ నమ్మించడం కోసం ఎవరైనా ఈ కథ పుట్టించి ఉంటే పేతురునో యోహానునో ముందు పంపేవాడు కదా అని పెద్దాయన అడిగారు. నేను భూస్థాపన దగ్గర చదవడం మొదలుపెట్టిన కొత్తలో ఆడమనిషి చదవడమేమిటని అన్నవాళ్ళున్నారు. వాళ్ళకు ఎవరూ సమాధానం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఈ భాగం విన్నప్పుడు మాత్రం ఆ సమాధానం ఎప్పటినుంచో రాసి ఉందని అనిపించింది.

ఇదే రోజు రాయి గురించి పెద్దాయన ఒక మాట అన్నారు, గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది. సమాధి మూసిన రాయిని యేసు బయటికి రావడానికి దొర్లించలేదట. ఆయన అప్పటికే లేచాడు. తలుపులు మూసుకున్న గదిలోకి వచ్చి నిలబడినవాడికి రాయి అడ్డమా? లోపల ఎవరూ లేరని చూడడానికి వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళాలి, అందుకు దొర్లింది. చూడండి, చూశాక వెళ్ళి చెప్పండి అన్నాడు దూత. రాయి సాక్షుల కోసం.

ఎమ్మాయు దారి, తోమా, తిబెరియ సముద్రతీరం, ఇవన్నీ మొదటి వారంలోనే వస్తాయి. తోమా భాగం మరీ పొడవు, అది పర్లేదు. ఎమ్మాయు భాగం పొట్టిగా ఉన్నా బాగుంది. క్లెయొపా, అతనితో ఉన్న మనిషి దారి పొడుగునా యేసుకే యేసు కథ చెబుతారు, చెబుతూ "నిరీక్షించి యుంటిమి" అంటారు. ఆ మాట భూతకాలంలో ఉందని పెద్దాయన ఎత్తిచూపారు. నమ్మకం అయిపోయిందని చెప్పేవాళ్ళతో యేసు ముందు తన పేరు చెప్పుకోలేదు, వాళ్ళు చెప్పేదంతా విన్నాడు.

సముద్రతీరం భాగంలో నాకు కొత్తగా తట్టినది, యోహాను సువార్తలో రెండు చోట్ల వచ్చే నిప్పులు. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట మంట దగ్గర చలి కాచుకుంటూ పేతురు ఆయనెవరో ఎరగనన్నాడు. తీరాన ఆయన నిప్పులు రాజేసి ఉంచి పేతురును పిలిచాడు. మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి మూడుసార్లు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ఎందుకలా చేశావని ఒక్కసారి కూడా అడగలేదు. లేచిన ప్రభువు మొదట చేసిన పనుల్లో ఇదొకటి, తనను కాదన్న స్నేహితుణ్ణి మళ్ళీ పనిలో పెట్టడం. పునరుత్థానం అంటే క్షమాపణ కూడా అని ఎన్నిసార్లు విన్నానో, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

రెండో వారం మొత్తం 1 కొరింథీ 15. ప్లాన్ అంతటికీ ప్రాణం ఇదే. పౌలు ఈ పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 54, 55 ప్రాంతంలో, అంటే సిలువ జరిగి పాతిక సంవత్సరాలు కూడా కాలేదు. అందులో తనకు అప్పగించబడిన ఉపదేశాన్నే మీకు అప్పగించానంటాడు. అంటే పత్రిక కంటే ముందునుంచే ఈ మాటలు సంఘంలో వల్లెవేసుకుంటున్నారు: క్రీస్తు మన పాపముల నిమిత్తము మృతిపొందెను, సమాధి చేయబడెను, మూడవ దినమున లేపబడెను, కేఫాకు (అంటే పేతురుకు) కనబడెను, తర్వాత పన్నెండుగురికి. ఆపైన ఐదు వందల కంటే ఎక్కువమందికి ఒకేసారి కనబడ్డాడని రాసి, వాళ్ళలో కొందరు నిద్రించినా ఎక్కువమంది ఇప్పటికీ ఉన్నారంటాడు. పెద్దాయన ఇక్కడ ఆగి, ఇది వెళ్ళి అడగండి అన్నట్టుగా రాసిన వాక్యం అన్నారు. బతికున్న మనుషుల పేరు మీద అబద్ధం రాయడం కష్టం.

యాకోబు గురించిన భాగం అత్తయ్యకు ఎంతో ఇష్టమైంది. యేసు సహోదరులు కూడా ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను 7వ అధ్యాయంలో ఉంది. అలాంటి యాకోబుకు కనబడ్డాడని పౌలు రాశాడు. తర్వాత చూస్తే ఆ యాకోబే యెరూషలేము సంఘానికి పెద్ద. క్రీ.శ. 62లో అతణ్ణి రాళ్ళతో కొట్టి చంపించారని జోసెఫస్ రాసిపెట్టాడు, అతను క్రైస్తవుడు కూడా కాదు. తోడబుట్టినవాడు దేవుని కుమారుడని నమ్మి ప్రాణం పెట్టడానికి మధ్యలో ఏం జరిగి ఉంటుందని పెద్దాయన ప్రశ్న. "ఇంట్లోవాళ్ళు నమ్మడమే కష్టం," అన్నారు అత్తయ్య. ఆమె పుట్టింటివాళ్ళలో ప్రభువును నమ్మింది ఆమె ఒక్కరే. అందుకని ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఈ వారంలో సందేహాలను కూడా న్యాయంగా పట్టించుకున్నారు. శవాన్ని శిష్యులు ఎత్తుకుపోయారన్న మాట కావలివాళ్ళకు డబ్బిచ్చి పుట్టించినదని మత్తయి చెబుతాడు. ఆయన చనిపోలేదు, స్పృహ తప్పిందనేవాళ్ళున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు చచ్చిపోయినవాళ్ళు కనబడినట్టు అనిపించడం మామూలేననేవాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కటీ తీసుకుని, వెక్కిరించకుండా, ఏది ఎంతవరకు నిలుస్తుందో చెప్పారు. దుఃఖంలో ఉన్నవాళ్ళ సంగతి సరే, సంఘాన్ని హింసించడానికి బయల్దేరిన పౌలుకు ఏ దుఃఖం ఉంది? అయినా చరిత్ర మనల్ని సమాధి గుమ్మం దాకా తీసుకెళ్ళగలదు, శిష్యులు నిజంగా నమ్మారని చూపించగలదు, ప్రభువా అని మోకరించడం మాత్రం మనం చేయవలసిన పని అని ముగించారు. రుజువులన్నీ చూపించేశాను కాబట్టి నమ్మి తీరాలి అనే ధోరణి లేదు. గలిలయ కొండ మీద ఆయన్ని కళ్ళారా చూసి మొక్కినవాళ్ళలో కూడా "కొందరు సందేహించిరి" అని మత్తయి చివరి అధ్యాయంలో ఉందని గుర్తుచేశారు. సందేహించినవాళ్ళను ఆయన వెనక్కి పంపలేదు, వాళ్ళతో సహా అందరినీ సమస్త జనుల దగ్గరికి పంపాడు.

ఇంత బాగా సాగిన ప్లాన్ మూడో వారంలో ఏమైందో నాకు అర్థం కాలేదు. వివరించే గొంతు అదే, చెప్పే మాటలు వేరు. శీర్షికలే చూడండి: మీ జీవితంలో రాయి ఏది, మీ ఆదివారం వస్తోంది, మూసిన తలుపులు తెరుచుకుంటాయి. ఉద్యోగం రాకపోవడం ఒక రాయి, ఇల్లు కట్టలేకపోవడం ఒక రాయి, పెళ్ళి కుదరకపోవడం ఒక రాయి. విశ్వాసంతో కనిపెట్టుకుని ఉంటే ప్రతి రాయీ దొర్లుతుందట. లూకా సువార్త రోజున రాయి గురించి తనే అంత చక్కగా చెప్పిన మాటను తనే కొట్టిపారేశారు.

నాకు కోపం వచ్చింది, దాన్ని దాచుకోను. దేవుడు కష్టాల్లో సహాయం చేయడని నేననడం లేదు. చేస్తాడు, నా ఇంట్లో చేశాడు. కానీ పునరుత్థానాన్ని కష్టాలు తీరడానికి ఒక ఉపమానంగా మార్చేస్తే, కష్టం తీరనివాళ్ళకు ఇక ఏమీ మిగలదు. చంటిబిడ్డను పాతిపెట్టిన తల్లి దగ్గర నిలబడి నేను వాక్యం చదివాను. ఆమె రాయి దొర్లలేదు. నీ ఆదివారం వస్తోందమ్మా అని ఆమెతో ఏ అర్థంలో చెప్పను? ఆమెకు చెప్పగలిగింది పౌలు చెప్పినదే: నిద్రించినవారిలో ప్రథమఫలముగా క్రీస్తు మృతులలోనుండి లేపబడియున్నాడు. ప్రథమఫలం అంటే వెనక పంట ఉంది. ఆ బిడ్డ ఆ పంటలో ఉంది. ఇది జరగకపోతే నా మాట పచ్చి అబద్ధం, నేను ఆ తల్లిని మోసం చేసినట్టే. పౌలు కూడా సరిగ్గా అంతే తెగేసి రాశాడు, క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం, మేము దేవుని విషయంలో అబద్ధ సాక్షులం అని. ఈ జీవితకాలం మట్టుకే క్రీస్తులో నిరీక్షిస్తే మనుషులందరికంటే దౌర్భాగ్యులం అని కూడా అన్నాడు. మూడో వారం భాగాలు మాట్లాడేది ఈ జీవితకాలం గురించి మాత్రమే.

ఇంకోటి. ఈ వారంలోనే లాజరు కథను, యాయీరు కూతురి కథను, నాయీను విధవరాలి కొడుకు కథను వరుసగా పెట్టి, ఇవన్నీ పునరుత్థానాలే అన్నట్టు కలిపేశారు. వాళ్ళు ముగ్గురూ తిరిగి బతికారు, తర్వాత మళ్ళీ చనిపోయారు. మృతులలోనుండి లేచిన క్రీస్తు ఇకను చనిపోడని రోమా పత్రిక 6వ అధ్యాయం చెబుతుంది. ఈ తేడా చిన్నది కాదు. లాజరు ప్రేతవస్త్రాలతోనే బయటికి వచ్చాడు, వేరేవాళ్ళు కట్లు విప్పాలి. యేసు సమాధిలో నారబట్టలు అక్కడే పడి ఉన్నాయి, తలకు చుట్టిన రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉంది. ఆయన ఈ ప్రాణానికి తిరిగి రాలేదు, మరణాన్ని దాటి అవతలికి వెళ్ళాడు. అలాగని ఆత్మగా మారిపోలేదు. శిష్యుల ముందు కాల్చిన చేపముక్క తిన్నాడు. చేతుల గాయాలు తోమాకు చూపించాడు. కొత్త శరీరంలో కూడా గాయాలు ఉంచుకున్నాడు! ఈ ఒక్క సంగతి మీద నలభై రోజులు మాట్లాడినా తరగదు, ఈ ప్లాన్‌లో తోమా భాగం అంత పొడుగున్నా దీన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. ముసలితనంలో చూపు పోయినవాళ్ళకు, జబ్బుతో చిక్కిపోయినవాళ్ళకు శరీరం గురించిన ఈ మాట ఎంత అవసరమో! అత్తయ్య "ఆయన్ని చూడడానికి నాకు కళ్ళు మళ్ళీ ఇస్తాడు" అంటుంటారు. ఆమె దాన్ని కవిత్వంగా అనరు.

నాలుగో వారం నుంచి ప్లాన్ మళ్ళీ దారిలో పడుతుంది. ఇక్కడినుంచి సాక్ష్యం గురించి. యూదా స్థానంలో ఒకణ్ణి ఎన్నుకోవలసి వచ్చినప్పుడు పేతురు పెట్టిన షరతు మొదటి భాగం. యేసుతో మొదటినుంచి తిరిగినవాడై ఉండాలి, పునరుత్థానానికి సాక్షిగా ఉండాలి. బర్సబ్బా, మత్తీయ, ఇద్దరు నిలబడ్డారు, చీటి మత్తీయ పేరున వచ్చింది. మంచి వక్తా, చదువుకున్నవాడా అని ఎవరూ చూడలేదు. పెంతెకొస్తు దినాన పేతురు చేసిన ప్రసంగం, ఏథెన్సులో పౌలు, రోమా అధిపతి ఫేస్తు ముందు పౌలు, వరుసగా వస్తాయి. ఏథెన్సు భాగం వినదగినది. అరేయొపగు అనే అక్కడి సభలో పౌలు సృష్టి గురించి చెప్పినంతసేపూ విన్నారు, మృతుల పునరుత్థానం అనగానే కొందరు అపహాస్యం చేశారు, కొందరు ఇంకోసారి వింటామన్నారు. దియొనూసియు, దమరి అనే ఆమె, ఇంకా కొందరు నమ్మారు. ఫేస్తయితే, అతి విద్యవల్ల నీకు వెర్రిపట్టిందని గట్టిగా అరిచాడు. పునరుత్థానం మాట తీసేసి చెప్పుంటే పౌలుకు గౌరవం దక్కేదేమో. అతను తీయలేదు. ఇప్పుడు కూడా యేసు మంచి బోధకుడంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, లేచాడంటేనే చిక్కు.

తర్వాతి కాలం నుంచి తెచ్చిన ఒక ఉదాహరణ కూడా చక్కగా అతికింది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ ప్రాంతాన్ని పాలిస్తున్న ప్లినీ అనే అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, ఈ క్రైస్తవులు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారని రాశాడు. విచారణలో భాగంగా అతను చిత్రహింస పెట్టించినది ఇద్దరు దాసీలను, సంఘంలో పరిచారకులుగా ఉన్న స్త్రీలను. ఇక్కడా ఆడవాళ్ళే. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

అయితే సాక్ష్యం వారాల్లో కూడా ఒక లోపం ఉంది, మూడో వారమంత కాకపోయినా బాధ పెట్టేదే. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చదువుతూ 33వ వచనంలో ఆపేశారు. అపొస్తలులు బహు బలముగా ప్రభువైన యేసు పునరుత్థానాన్ని గురించి సాక్ష్యమిచ్చారు, అందరియందు దైవకృప అధికంగా ఉండెను. బాగుంది. మరి వెంటనే ఉన్న వచనం? వాళ్ళలో ఎవరికీ కొదువ లేకపోయిందనీ, భూములూ ఇళ్ళూ ఉన్నవాళ్ళు అమ్మి తెచ్చిచ్చారనీ, ఎవరికి ఎంత అవసరమో అంత పంచారనీ ఉంది. అది చదవలేదు. 1 కొరింథీ విషయంలో కూడా ఇదే జరిగింది. 15వ అధ్యాయం "మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థముకాదు" అనే మాటతో ముగుస్తుంది. పౌలు అధ్యాయాలుగా విడగొట్టి రాయలేదు. ఓ మరణమా నీ ముల్లెక్కడ అని అంత ఎత్తుకు వెళ్ళినవాడు ఆ వెంటనే రాసింది యెరూషలేములోని పరిశుద్ధుల కోసం చందా గురించి, ప్రతి ఆదివారం ఎవరు వర్ధిల్లిన కొలదీ వాళ్ళు తీసిపెట్టండి అని. లేచిన దినమే పేదల కోసం డబ్బు తీసిపెట్టే దినమైంది. అలాంటి చోట ఈ ప్లాన్ సాక్ష్యం అనే మాటకు మనకిచ్చిన పని ఏమిటంటే, ఈ భాగం లింకును ఐదుగురికి పంపండి. పంపడం తప్పు కాదు, నేనూ కొందరికి పంపాను. కానీ దాన్ని సాక్ష్యం అనలేం. శరీరాలను లేపే దేవుణ్ణి నమ్మినవాళ్ళం ఎదుటివాళ్ళ శరీరానికి అన్నం, మందు, గుడ్డ ఉన్నాయో లేదో చూడాలి. చెప్పే నోరూ పంచే చెయ్యీ కలిసి ఉన్నాయి కాబట్టే ఆ సాక్ష్యం బలంగా ఉందని కార్యములు రాసిన లూకా పక్కపక్కనే రాశాడు.

యాప్ సంగతులు క్లుప్తంగా. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా వినవచ్చు. చదివే వేగం తగ్గించుకోవచ్చు, పెద్దవాళ్ళకు ఇది మేలు. మధ్యలో ప్రకటనలు రావు. వివరణ పాఠం రూపంలో కూడా ఉంది గానీ అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు లేదు. ప్రార్థన వెనక వచ్చే సంగీతాన్ని ఆపే వీలూ లేదు, వినికిడి తగ్గినవాళ్ళకు దానివల్ల మాటలు అందవు. ప్రారంభ తేదీ మనమే పెట్టుకోవచ్చు, ఇది చాలామందికి పనికొస్తుంది. 325లో నికయ సభ తర్వాత అందరూ ఈస్టరు ఒకే ఆదివారం జరుపుకోవాలనుకున్నా, తూర్పు సంఘాలు చాలావరకు పాత క్యాలెండరు లెక్కే పాటిస్తాయి. 2024లో పడమటి సంఘాలకు ఈస్టరు మార్చి 31న వస్తే వాళ్ళకు మే 5న వచ్చింది. 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20నే. ఏ లెక్క పాటించేవాళ్ళయినా తమ తేదీతో మొదలుపెట్టుకోవచ్చు.

వినదలచుకున్నవాళ్ళకు నా సలహా ఇది. మొదటి పద్నాలుగు రోజులూ ఒక్కటి కూడా వదలకుండా వినండి. వీలైతే ఇంకొకరితో కలిసి వినండి, చదివాక వచ్చే నిశ్శబ్దాన్ని దాటవేయకండి. మూడో వారం మొత్తం వదిలేసి దాని బదులు రోమా 6, 8 అధ్యాయాలు, 2 కొరింథీ 4, 5 అధ్యాయాలు మీరే బైబిలు తెరిచి చదువుకోండి. కార్యములు 4 వచ్చిన రోజున ఆడియో ఆగినా మీరు ఆగకుండా అధ్యాయం చివరిదాకా వెళ్ళండి. ఆప్తులను పోగొట్టుకుని ఇంకా నెలలు కూడా కానివాళ్ళు ఇంట్లో ఉంటే మూడో వారం పొరపాటున కూడా వాళ్ళ చెవిన పడనివ్వకండి, రెండో వారం మాత్రం వాళ్ళ పక్కన కూర్చుని వినిపించండి.

తయారుచేసినవాళ్ళకు ఈ విషయాలన్నీ రాసి పంపాను. మూడో వారం భాగాలు తీసేసి, గాయాలతో లేచిన శరీరం గురించి అదే పెద్దాయనతో మళ్ళీ చెప్పించమని కోరాను. చదివే ఆమెకు మా అత్తయ్య వందనాలు కూడా అందులోనే రాశాను.